పాత జాకెట్

నౌబాద్ కుట్టు కార్ఖానాలో హేబ్సిబమ్మ పొద్దున రాగానే తన మిషన్ దగ్గరికి పోదు. గోడమీది గాజుపెట్టె ముందు నిలబడుతుంది. అందులో ఆగిన గుండెకు షాకిచ్చే యంత్రం ఉంది. ఆర్డర్లు పెరిగిన ఏడాది హైదరాబాద్ సేటు పంపించాడు. పచ్చలైటు వెలుగుతోందని చూసుకుని, కొంగుతో అద్దం తుడిచి, అప్పుడు మెడలో టేపు వేసుకుంటుంది. పోయిన ఎండాకాలం, కాలర్లు కుట్టే శాలిని ఉన్నపాటున కుప్పకూలింది. మేస్త్రీ స్టాన్లీ ఆ యంత్రాన్ని పరుగున తెచ్చాడు. దాని పట్టీలు జాకెట్ మీద కాదు, ఒంటికే అంటించాలి. అతను చెయ్యి చాపేలోపు, "జర ఆగు, ఆడపిల్ల!" అని ఆపింది హేబ్సిబమ్మే. మగవాళ్లను బయటికి పంపింది, తలుపులు వేయించింది, చుట్టూ బట్టలు పరదాలా పట్టించింది. అంతా మర్యాదగానే జరిగింది. జాకెట్ విప్పి పట్టీలు అంటించేసరికి ఆలస్యమైపోయింది, శాలిని దక్కలేదు.

అప్పట్నుంచి నెలనెలా ఒకనాడు, అన్నాలు తిన్నాక, హేబ్సిబమ్మ తన ఒంటిమీది జాకెట్‌పైన పాత జాకెట్ ఇంకొకటి తొడుక్కుని, బట్టలు కత్తిరించే బల్లమీద వెల్లకిలా పడుకుంటుంది. మనవలున్న మనిషి. ఆడా మగా అందరూ చుట్టూ నిలబడతారు. కత్తెర స్టాన్లీ చేతికిస్తుంది. అతను తల పక్కకు తిప్పుకుంటాడు.

"ఇటు సూడు బిడ్డా. నేను సచ్చిపోతున్న. కత్తిరియ్యి," అంటుంది.

బట్ట తెగిన చప్పుడు వినిపించేదాకా కళ్లు తెరవదు.