గొళ్ళెం పెట్టని తలుపు

గోదావరి వంతెన మీద మా బస్సు గంట నుంచి కదలడం లేదు. నిలబడ్డ జనం మధ్య లేచే వీల్లేదు. బిగుసుకున్న కిటికీ అద్దాన్ని ఊపిరి బిగబట్టి లాగుతుంటే, డ్యూటీ దిగి వస్తున్న ఒక గని కార్మికుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"దమ్ము బిగవట్టకు తమ్మీ. మా అన్నకు గుండె నొప్పి ఉండె. బొగ్గుబాయిల దొడ్డికి పోయే జాగ ఉండదు, షిఫ్టంత ఆపుకునేటోడు. ఓనాడు పొద్దుగాల సైరన్ మోగకముందే అయిపోవాలెనని ఇంట్ల పాయఖానల గట్టిగ ముక్కిండు. గుండె ఆగింది. లోపట గొళ్ళెం. తలుపు పలగొట్టింది నేనే."

"అయ్యో కాకా!"

"అప్పటిసంది నేను గొళ్ళెం పెట్ట."

అద్దం రానేలేదు. ఆయన ఎక్కడ దిగాడో గుర్తులేదు.

ఇప్పటికీ మా ఇంటికి చుట్టాలొస్తే, నేను లోపల ఉన్నంతసేపూ మా ఆవిడ పాయఖానా తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.