చివరి వరుసలకు చేరని చేదు

ఇన్సాఫ్ అంటే న్యాయం. ఆ పేరుగల మనిషికి న్యాయమే జరిగిందని ఎడారిని సాగుకు తెచ్చిన నుబారియా ఇసుక నేలల్లో అందరూ అనుకునేవారు. తండ్రి పోయాక అన్న రద్వాన్ ఆమె వాటా ఆమెకు కొలిచి ఇచ్చాడు మరి. ఆడపిల్లల వాటా అన్నదమ్ముల పొలంలోనే ఇంకిపోయే చోట అది చిన్న సంగతి కాదు. మసీదు మెట్ల మీద జనం అతని చెయ్యి పట్టుకుని మరీ మెచ్చుకున్నారు.

ఇచ్చింది ద్రాక్షతోటలో చివరి వరుసలు. కాలువ గట్టున మోటారు, దాని పక్కన ఎరువుల తొట్టి. అక్కణ్ణించి గొట్టం అన్న వరుసలన్నీ దాటి చిట్టచివర ఇన్సాఫ్ తీగల దగ్గర ఆగుతుంది. ఎవరి వరుసలకు వాళ్ళ వాల్వు. ఇస్తూ నలుగురి ముందే ఒక మాట అన్నాడు రద్వాన్. "నడుపుకున్నన్నాళ్ళు నీది. చేతకాకపోతే మాత్రం పరాయివాళ్ళకు కాదు, నాకే ఇవ్వాలి చెల్లీ." ఆమె తలూపింది. చేతకాకపోవడమేమిటి? చిన్నప్పటినుంచీ ఆ తొట్టి నడిపింది తనే.

తొట్టికీ గొట్టానికీ మధ్య నల్లటి వెంచురీ ఉంటుంది. జానెడు పొడవు, సన్నటి నడుము. నీళ్ళు ఆ నడుములో దూరి పరుగెత్తితే తొట్టిలోని ఎరువును ఈలలాంటి చప్పుడుతో పీల్చుకుంటుంది. తండ్రి మోటారు దగ్గర నిలబడి ఇన్సాఫ్‌ను వరుసల చివరికి తరిమేవాడు. డ్రిప్పు చుక్కను నాలిక మీద వేసుకోవాలి. అది ఉప్పగా మొదలై చేదెక్కితే ఎరువు వచ్చినట్టు. "వచ్చిందా?" అని అటునుంచి కేక. "చేదు, నాన్నా!" అని ఇటునుంచి కేక. మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చాక కూడా ఆ కేకలు ఆగలేదు. తండ్రితోనే ఆగాయి. అడిగేవాళ్ళు లేని రుచి ఎందుకని ఆమె చూడటం మానేసింది.

తన నీళ్ళ వంతు వచ్చిన రోజు తొట్టిలో తన ఎరువు కలిపి, వెంచురీ ఈల వేసేదాకా ఉండేది. అంతలో ఇంట్లోంచి వదిన కరీమా పిలిచేది. "రా ఇన్సాఫ్, నీ చెయ్యి పడందే పిండి పొంగనంటోంది." రొట్టెలు కాల్చిచ్చి తోటకు వెళ్ళేసరికి తొట్టి ఖాళీ, తన వరుసల్లో డ్రిప్పులు చక్కగా కారుతూ ఉండేవి. అయినా ఆకులు పసుపెక్కాయి. ఇన్సాఫ్ తన చేతినే తప్పు పట్టుకుంది. మరికాస్త ఎరువు కలిపింది. అన్న తీగలు ఇంకా నల్లగా, నిగనిగలాడుతూ పెరిగాయి.

ఒకరోజు కరీమా పుట్టింటికి వెళ్ళింది. రొట్టెల పని లేదు. ఇన్సాఫ్ తొట్టి కుళాయి తిప్పి, పక్కవాళ్ళ పొలం గట్టుమీదుగా నేరుగా తన వరుసలకు వెళ్ళింది. డ్రిప్పులు పొడిగా ఉన్నాయి. అన్న వరుసల్లోకి వచ్చి చూస్తే అక్కడ జోరుగా కారుతున్నాయి. చాలాకాలం తర్వాత ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. చేదు. కాసేపటికి, తొట్టి ఖాళీ అయ్యాక, రద్వాన్ వచ్చి తన వాల్వు మూసి, ఆమె వాల్వు తెరవడం ఆకుల చాటునుంచి చూసింది. అప్పుడు వచ్చిన నీళ్ళు వట్టి కాలువ నీళ్ళు.

అతను చాయ్ తాగుతుండగా వెళ్ళి అడిగింది. "అన్నా, ఆ ఎరువు నాది."

"గొట్టం నా పొలంలోంచి పోతోంది కదమ్మా. దారిలో ఉన్నవాడి కాళ్ళు తడవకుండా ఉంటాయా?"

"కాళ్ళు తడవడం కాదు. తలంటు పోసుకున్నావు."

అతను నవ్వాడు. మర్నాడు ఇన్సాఫ్ వెంచురీనీ తొట్టినీ ఊడదీసి తన వరుసల మొదట్లో బిగించుకుంది. రద్వాన్ కాదనలేదు. ఆమె వంతు వచ్చినప్పుడల్లా తన వాల్వు కొంచెం తెరిచి ఉంచాడు, అంతే. నీళ్ళ ఒత్తిడి పడిపోయింది. వెంచురీ ఈల వేయలేదు. పైగా నీళ్ళే తొట్టిలోకి ఎదురుతన్ని, కలిపిన ఎరువంతా పొర్లి ఇసుకపాలైంది.

పెద్దమనిషి హాజీ మిత్వల్లీకి చెప్పుకుంది. ఆయన జపమాల తిప్పుతూ విన్నాడు. "వాడు భూమిచ్చాడు, నీళ్ళిచ్చాడు. వెంచురీ పీల్చకపోతే దాని నోట్లో పాలపీక పెట్టమంటావా?" కూర్చున్నవాళ్ళు నవ్వారు. రద్వాన్ మాత్రం నవ్వలేదు. చెల్లెలి తరఫున సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాడు.

ఆ ఏడు ద్రాక్షపళ్ళు శనగగింజలను మించి పెరగలేదు. కొనేవాడు గుత్తి ఎత్తి చూసి, తిరిగి తీగకే ఆనించి పోయాడు. మర్నాడు రద్వాన్ వచ్చి మెత్తగా మాట్లాడాడు. ఎండలో ఎందుకు మాడిపోతావన్నాడు, ఇల్లు నీది కాదా అన్నాడు. నలుగురి ముందు అన్న మాట ఉంది కదా. ఇన్సాఫ్ తన వరుసలు ఇచ్చేసింది.

వెంచురీ మళ్ళీ కాలువ గట్టుకు చేరింది. కూలికి పెట్టిన మనిషి చేతిలో అది నిలకడగా ఈల వేయలేదు. చివరికి కరీమాయే వచ్చి పిలిచింది, నీ చెయ్యి పడితేగానీ కుదరదంటూ. తింటున్నది ఆ ఇంటి రొట్టే. ఇన్సాఫ్ వెళ్ళింది.

వేసవి వచ్చేసరికి చివరి వరుసలు పసుపు పోయి నల్లగా తిరిగాయి. దారిలో హాజీ మిత్వల్లీ ఆగి, మగాడి చెయ్యి పడగానే తోట ఎలా లేచిందో చూడమన్నాడు. ఎరువు పట్టి తెల్లబడ్డ చేతులు ఆమె తలగుడ్డ కొంగు కింద దాచుకుంది.

ఆరోజు మోటారు దగ్గర రద్వాన్ ఉన్నాడు. ఇన్సాఫ్ వరుసల చివరికి నడిచి, ఒక చుక్క నాలిక మీద వేసుకుంది.

"వచ్చిందా?" అని కేక వేశాడు. గొంతు అచ్చం తండ్రిదే.

"చేదు," అంది ఇన్సాఫ్. అది అతనికి వినిపించలేదు. మళ్ళీ అడిగితే చెయ్యెత్తి చూపించింది.