దేముడమ్మ సీమెలకలు

ఆమదాలవలస రైల్వే క్వార్టర్ల వీధిలో పొద్దు పొడిచే వేళకే కూరగంప దించేది దేముడమ్మ. నాగావళి గట్టున ఆమెకో చిన్న మడి ఉంది. అందులో కొత్తిమీర, బచ్చలి, తోటకూర వేసేది. గట్టు మీద మూడు మునగచెట్లు. పెనిమిటి పోయి పన్నెండేళ్లయింది. ఒక్కగానొక్క కూతురు పాలకొండలో కాపురం చేసుకుంటోంది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గట్టిది. "కూరమ్మా, కూర!" అంటే రెండు వీధుల అవతలికి వినపడేది.

పందొమ్మిదివందల అరవై ఏడు చివర్లో, బుకింగ్ క్లర్కు జగన్నాధం బావమరిది కలకత్తా నుంచి వస్తూ ఒక చెక్కపెట్టె తెచ్చాడు. అందులో రెండు జంతువులు. ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగు మచ్చలున్న తెల్లది. చెవులు తమలపాకు ముక్కల్లా ఉన్నాయి, తోకలు లేవు.

"గినీ పందులంటారు వీటిని," అని జగన్నాధం గొప్పగా చూపించాడు.

దేముడమ్మ వంగి చూసి పకపకా నవ్వింది. "పందులేటి బాబూ! సీమెలకలు గానీ."

ఆ పేరే వీధంతా పాకింది.

జగన్నాధానికీ, ఆయన భార్య పైడితల్లికీ వాటి మీద చెప్పలేనంత ముద్దు. పొద్దున పాలన్నం, సాయంత్రం బిస్కట్లు, మధ్యలో జంతికల ముక్కలు. గడ్డీగాదం వేస్తే ఏ జబ్బు చేస్తుందోనని పచ్చి ఆకు ముట్టనివ్వలేదు. మాఘమాసం వెళ్లేసరికి తెల్లది నీరసించింది. నల్లది వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. బొచ్చు ఊడింది. కదిపితే కీచుమంటోంది.

ఆ రోజు దేముడమ్మ గంప దించుతుంటే పైడితల్లి గుమ్మంలో కళ్లు తుడుచుకుంటోంది. "ఇవాళ కూరేటీ వద్దప్పా. నల్లది దక్కేలా లేదు."

దేముడమ్మ లోపలికెళ్లి దాన్ని ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలితో మూతి పైకెత్తి చూసింది. చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"పచ్చి ఎట్టారా తల్లీ దీనికి ఎప్పుడైనా?"

"పచ్చి అంటే?"

"గడ్డమ్మా! ఆకు! పళ్లు సూడు, కొరుక్కుని నవిలే పళ్లివి. పాలన్నం మింగే నోరు కాదిది."

గంపలోంచి ఒక కొత్తిమీర రెమ్మ తీసి కడిగి, నీళ్లు విదిలించి దాని ముక్కు దగ్గర పెట్టింది. నల్లది వాసన చూసింది. ఇద్దరూ వంగి చూస్తున్నారు. చిన్న మూతి కదిలింది. ఒక ఆకు లోపలికి పోయింది, తరవాత కాడ, తరవాత ఇంకో ఆకు. పెట్టెలోంచి తెల్లది ఒక్క ఉదుటున వచ్చి మిగతాది లాగేసుకుంది.

"ఓర్నీ, ఆకలేనేటి మీ జబ్బు!" అంది దేముడమ్మ. నవ్వుతున్నా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాటినుంచి వాటి తిండి ఆమె చేతిలోకి వచ్చింది. పెట్టెలో ఎప్పుడూ ఎండుగడ్డి నిండుగా ఉండాలంది. తినడానికీ అదే, దూరి పడుకోడానికీ అదే. రెండు పూటలా లేత గరిక. దానితోపాటు పిడికెడు కొత్తిమీర, కాస్త మునగాకు, కాలవ గట్టున దొరికే తూటికూర. మట్టి పోయేలా కడగాలి, నీరు ఓడ్చి వెయ్యాలి. మంచినీళ్లు పూటపూటా మార్చాలి. పాలూ, అన్నమూ, బిస్కట్లూ బంద్. ఉల్లికాడ, బంగాళాదుంప తొక్క దగ్గరికి రానియ్యొద్దు. జగన్నాధం ఓసారి లేత జొన్నమొక్కలు తెస్తే గుమ్మంలోనే ఆపేసింది.

"అది మేసి ఆవులే పడిపోతాయి బాబూ! గుప్పెడు పేణం వీటిదెంత?"

పది పన్నెండు రోజులకి నల్లది నాలుగు కాళ్ల మీద నిలబడింది. ఇంకో వారానికి, ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి పక్కకి తిరిగి దబ్బున పడింది. మూర్ఛ కాబోలని పైడితల్లి కెవ్వుమంది. అది లేచి మళ్లీ ఎగిరింది. సంతోషం పట్టలేక గంతులేస్తోందని అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచీ వీధి మొదట్లో "కూరమ్మా" అని వినపడగానే పెట్టెలోంచి రెండూ ఈలలు వేసేవి. దేముడమ్మ మిగతా ఇళ్లు తరవాత చూసుకుందామని తిన్నగా అక్కడికే వచ్చేసేది.

ఆ ముద్దులోనే ఆమె ఒక తప్పు చేసింది. చైత్రంలో ఒకరోజు తెల్లదానికి అరటిపండు మొత్తం తినిపించింది. సాయంత్రానికి దాని పొట్ట ఉబ్బిపోయింది. దేముడమ్మ తల బాదుకుంది. "నానే సెడగొట్టినాను తల్లీ. ఒళ్లు తెలీకపోయింది." రెండు రోజులు ఉత్త ఎండుగడ్డీ నీళ్లూ పెట్టి, దాని పక్కనే కూర్చుంది. మూడో రోజుకి పొట్ట దిగింది. ఆ తరవాత తీపి అంటే దోసకాయ చక్కో, జామముక్కో, వారానికి ఒకటి రెండుసార్లు, అదీ బొటనవేలంతే.

ఆషాఢంలో తెల్లది మూడు పిల్లల్ని ఈనింది. పుట్టడమే కళ్లు తెరుచుకుని, ఒళ్లంతా బొచ్చుతో పుట్టాయి. మర్నాటికే గరిక పోచ లాగుతున్నాయి. "పుట్టిన మర్నాడే మేత మేస్తన్నాయి సూడండే!" అని దేముడమ్మ వీధిలో ఆడవాళ్లందర్నీ పిలిచి చూపించింది. పిల్లలు పెద్దవయ్యాక పైడితల్లి వాటిలో రెండు ఆడవాటిని బుట్టలో పెట్టి ఆమె చేతికిచ్చింది.

ఇంటి దగ్గర మరిది ఎర్రన్న విరగబడి నవ్వాడు. "ఒదినా, ఇవి పాలిస్తాయా? గుడ్లెడతాయా? ఎందుకే నీకు?"

"నాను గుమ్మం ఎక్కితే ఈలేస్తాయిరా. నువ్వేస్తావేటి?"

ఎర్రన్న నవ్వుతూనే వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే మొక్కజొన్న పొత్తుల పచ్చి డొప్పలు ఒళ్లో కట్టుకుని వచ్చాడు. పశువు కోసం తెచ్చాననీ, మిగిలాయనీ అన్నాడు. అతనికి పశువే లేదు. దేముడమ్మ డొప్పలు కడిగి అతని చేతికే ఇచ్చి, అరుగు మీద కాస్త జరిగి చోటిచ్చింది. ఎర్రన్న గొంతుక్కూర్చుని ఒక డొప్ప చాపాడు. రెండూ చెరో కొసా పట్టుకుని లాగుతుంటే అతను పసివాడిలా కేరింతలు కొట్టాడు.

"మెల్లగా ఒదలరా," అంది దేముడమ్మ. "మూతులు కోసుకుపోతాయి."