గోడ మీది ఉర్దూ కాగితం

మా అత్తగారింట్లో హాలు గోడకు ఒక ఉర్దూ కాగితం ఫ్రేములో వేలాడుతూ ఉంటుంది. దసరాకు దేవుడి పటాలతో పాటు దానికీ బొట్టు పెడతారు. మామయ్య వాళ్ల తాత ఒక నవాబు ఉండే దేవిడి గేటు దగ్గర కాపలా ఉండేవాడట. గోడ దూకిన దొంగను ఒంటిచేత్తో పట్టుకుంటే నవాబు మెచ్చి రాసిచ్చిన ఇనాం కాగితమట అది. ఉర్దూ మాట్లాడటం ఇంట్లో అందరికీ వచ్చు. చదవడం ఎవరికీ రాదు.

నేను బీఏ హిస్టరీ పూర్తి చేసే దాకా వచ్చానంటే ఆ కాగితం వల్లే. రెండో ఏడాది చివర పాప పుట్టింది. అత్తయ్య తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి పూలు తెచ్చి మధ్యాహ్నం దాకా గుడి ముందు అమ్ముతుంది. మా ఆయనది పొద్దుటి డ్యూటీ. పాపను చూడటానికి మిగిలింది బస్ డిపోలో మెకానిక్‌గా రిటైరైన మామయ్య ఒక్కరే. ఆయన ఒప్పుకోలేదు. చివరి ఏడాది ప్రాజెక్టు మన గోడ మీది కాగితం గురించి రాస్తానని చెప్పిన రోజు మాత్రం, "అట్లైతే పో బిడ్డా, పిల్లను నేను చూస్త" అన్నారు.

సాయంత్రానికల్లా చాయ్ హోటల్లో అందరికీ తెలిసిపోయింది.

"మా తాత ముచ్చట కాలేజోళ్లు రాసుకుంటున్రు" అని మామయ్య అంటే, "ఇగ గల్లీకి మీ తాత పేరు పెడ్తరేమో భాయ్" అని దోస్తులు ఏడిపించారట. ఆయనే నవ్వుతూ వచ్చి చెప్పారు.

మా లెక్చరర్ ఒక షరతు పెట్టారు. కాగితానికి తెలుగు అనువాదం రాయాలి. దాన్ని ఆ కాగితం ఎవరిదో వాళ్లకు చదివి వినిపించి, విన్నట్టు సంతకం తీసుకోవాలి. సంతకం లేకపోతే ప్రాజెక్టు తీసుకోరు. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. అందులో ఏముందో తెలిసిందే కదా అని అనువాదం పని చివరికి పెట్టుకున్నాను. దొంగ కథతో సహా మిగతా పేజీలన్నీ రాసేశాను.

గడువుకు ముందు రోజు సాయంత్రం పాపను చంకనేసుకుని పక్క గల్లీలోని మాస్టర్ సాబ్ ఇంటికి వెళ్లాను. ఆయన ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నా ఫోన్లో ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదివారు. మధ్యలో ఆగారు.

"బేటా, ఇది ఇంతకుముందు ఎవరన్న చదివి చెప్పిన్రా మీకు?"

"లేదు మాస్టర్ సాబ్. ఇనాం కాగితం గదా?"

"ఇనాం కాదమ్మా. మాఫీనామా. తప్పయింది, మాఫ్ చేయుండ్రి అని రాసిచ్చింది."

కాగితంలో ఉన్నది ఇది: తాత ఒక రాత్రి చెప్పకుండా గేటు విడిచి ఇంటికి పోయాడు. ఇంట్లో పసిబిడ్డకు జ్వరం, చూసే మనిషి లేదు. ఇంకోసారి చేయను, కొలువు తీసేయకండి. కింద దేవిడి ముద్ర, ఈసారికి మాఫ్ అని ఒక్క ముక్క. మూలన మేము మరక అనుకున్నది వేలిముద్ర. ఇనాం పొందినవాడు వేలిముద్ర ఎందుకు వేస్తాడు? మూడేళ్లుగా ఆధారాలు, సాక్ష్యాలు అని చదువుతూ, ఇప్పుడు రోజూ ఆ గోడ కిందే కూర్చుని పాపకు అన్నం పెడుతూ, ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మాస్టర్ సాబ్ నా ముఖం చూశారు. "పరేషాన్ కాకు. మీ ఇంట్ల ఎవ్వరికి ఉర్దూ చదువరాదు గదా. మీ మామ ఖుషీ అయ్యేటట్టు రాసియ్యాల్నా?"

వద్దనడానికి నాకు చాలాసేపు పట్టింది. పాప నిద్రపోయాక ఇప్పుడిది రాస్తుంటే కూడా ఆ తటపటాయింపు గుర్తొచ్చి సిగ్గేస్తోంది.

ఆయన చెప్పింది చెప్పినట్టే తెలుగులో రాసుకున్నాను. ఇంటికొచ్చేసరికి మామయ్య స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు.

"చదువు బిడ్డా. జర గట్టిగ చదువు."

నేను వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేశాను. తర్వాత చదివాను. అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

"ఆ ముసలాయనకు కండ్లు కనవడ్తలెవ్వా ఏంది?"

"మాస్టర్ సాబ్ రెండుసార్లు చదివిండు మామయ్యా."

"మరి దొంగ?"

"దొంగ లేడు మామయ్యా."

"నువ్వు చదువుకునేది గిందుకేనా? ఇంట్ల పెద్దోళ్లను దొంగల లెక్క నిలవెట్టనీకి?"

సంతకం పెట్టలేదు. అన్నం తినలేదు. "ఇనాం అనే రాసుకోరాదు, నీకేం పోయింది?" అన్నాడు మా ఆయన. అబద్ధం రాస్తే మూడేళ్ల చదువే పోయినట్టని నాకు తెలుసు. ఆ రాత్రి దొంగ కథ ఉన్న పేజీలు తీసేసి మళ్లీ రాశాను.

తెల్లారి లేచేసరికి మామయ్య ఇంట్లో లేరు, గోడ మీద ఫ్రేమూ లేదు. అత్తయ్య, మా ఆయన ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. పన్నెండు లోపల కాలేజీలో ఇవ్వాలి. పది దాటింది. పాపను తీసుకునే వెళ్దామనుకున్నాను, కానీ సంతకం లేని కాగితం పట్టుకుని వెళ్లి ఏం చేయాలి? పాపను చంకనేసుకుని, చెప్పులు వేసుకుని గడపలో నిలబడిపోయాను.

అప్పుడు మామయ్య వచ్చారు, చేతిలో ఫ్రేముతో. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"మాస్టర్ సాబ్‌తోని మళ్ల చదివిపిచ్చిన. ఉస్మాన్‌గంజ్ కాడ ఇంకో ఆయనతోని గూడ చదివిపిచ్చిన. నువ్వు చెప్పిందే ఉంది." పాప వైపు చూశారు. "ఆ జరమొచ్చిన పిల్లగాడు మా బాపే గదా?"

ఔననే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"చెప్పలేం మామయ్యా. పేరు రాయలే. తారీఖు కాడ కాగితం చినిగింది."

"మా బాపు ఒక్కడే కొడుకు."

"బిడ్డ అనే రాసిండు. మీ తాతకు ఆడపిల్లలు గూడ ఉండె గదా?"

"ఇద్దరుండె." నుదురు రుద్దుకున్నారు. "నీతోని శానా కష్టం బిడ్డా. పెన్ను ఇయ్యి."

ఫ్రేమును మేకుకు తగిలించి, నా కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టారు. దాని కింద, నేను అడగకుండానే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఇంకో లైను రాశారు: విన్నాను. మా తాత చేసింది తప్పు కాదు.

అనువాదం కాగితం మీద అట్లా రాయవచ్చో లేదో నాకు తెలియదు. లెక్చరర్ ఒప్పుకోకపోవచ్చు. అయినా వద్దనలేదు. మామయ్య పెన్ను నాకిచ్చి, నా చంకలోంచి పాపను తీసుకున్నారు.

"ఎన్నింటికి వస్తవ్?"

"రెండు లోపల వస్త మామయ్యా."

"రేపు గూడ ఉందా క్లాసు?"

"ఉంది."

"సరే, ఉరుకు మరి" అన్నారు.