తీగ పీకే కృపాజ్యోతి

అనకాపల్లి దగ్గరి పరిశోధన కేంద్రంలో కృపాజ్యోతి ఒక పెద్ద ప్రొఫెసరు మీద గెలవడం, గేటు దగ్గర చేపలమ్మే అచ్చియమ్మ ఆ రోజు బుట్టతో లోపలికొచ్చి కళ్లారా చూసింది. రాంబిల్లి నుంచి పిలిపించిన జాలర్ల ముందు ఆయన చేపల ఊపిరి గురించి గంటసేపు తెర మీద గీతలు చూపిస్తూనే ఉన్నాడు. కృపాజ్యోతి లేచి ప్రొజెక్టరు తీగ పీకేసింది. "సైన్సుని ఇంతకన్నా కిందికి దించలేనమ్మా" అన్నాడాయన. "దించొద్దు సార్, దీన్లో చూపించండి" అంటూ కృపాజ్యోతి అచ్చియమ్మ బుట్టలోంచి ఒక చేప తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు మహానుభావుడు. చివరికి అచ్చియమ్మే బొటనవేలితో మొప్ప ఎత్తి చూపిస్తే, ఆ మిగతా పావుగంటలో ఆయన చెప్పిందే జనానికి ఎక్కింది.

ఆరేళ్లుగా కృపాజ్యోతి పని అదే. జీవశాస్త్రం వాళ్లనీ లెక్కల వాళ్లనీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికీ, ఇద్దరి మాటా ఊరికీ అర్థమయ్యేలా చూడాలి. జడలో పెన్ను, చేతిలో చల్లారిన టీ. "మరోలా చెప్పాలంటే" అని ఎవరైనా నోరు తెరిస్తే, "మొదటే అలా చెప్పాల్సింది సార్" అంటుంది.

అలాంటి మనిషి మొన్న బేరమైనా ఆడకుండా బుట్ట ముందు నిలబడింది.

"రేపు మొదటిసారి జనం ముందు నేనే మాటాడాలి పిన్నీ. రాసుకున్నది సదూతుంటే నాకే నిద్రొత్తంది. ఆ ప్రొఫెసరు కూడా వత్తన్నాడు."

"అయితే నన్నేటి సెయ్యమంతావే?"

"ముందు వరసలో కూకో. నీకు అర్థం కాపోతే బుట్ట నెత్తినెట్టుకుని లేచిపో. ఆయన తీగ పీకేలోపు నేనే ఆపేత్తాను."