వద్దుగారి వ్యాపారం

ఆ ఇంటి పెద్దల్లుడికి ఒకటే జబ్బు. ఎదుటివాడు ఏదైనా కొనబోతున్నాడని తెలిస్తే చాలు, "వద్దు" అన్న మాట ఆయన నోట్లోంచి దానంతటదే బయటికొచ్చేస్తుంది. ఫ్యాను కొంటానంటే వద్దు. ఇస్త్రీపెట్టె కొంటానంటే వద్దు. ఉన్నదానికేం రోగమొచ్చిందని అడుగుతాడు, తెచ్చి చూపించమంటాడు, విప్పుతాడు, తుడుస్తాడు, బిగిస్తాడు, ఇంకో నాలుగేళ్లు హాయిగా వాడుకో పొమ్మంటాడు. ఒకసారి తనకి చెప్పులు కొనుక్కోవడానికే దుకాణానికి వెళ్లి, పక్కన ఓ పెద్దాయన వేసుకుని చూస్తున్న జోడు వంక చూసి, "అవి వద్దండీ, మడమ దగ్గర కొరుకుతాయి" అన్నాడు. పెద్దాయన లేచిపోయాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు లేచిపోయారు. దుకాణం యజమాని ఎంతో మర్యాదగా వచ్చి, తమరికి కాస్త గాలి తగిలేచోట కుర్చీ వేయిస్తానని చెప్పి, తీసుకెళ్లి రోడ్డు మీద వేయించాడు.

మామగారు కొత్త సోఫా కొందామని ఎప్పుడు ఆశపడ్డా ఈ అల్లుడు అడ్డుపడుతూనే ఉన్నాడు. పాత సోఫా స్ప్రింగు గుచ్చుకున్న ఓ పూట ఆయన ఉండబట్టలేక "వద్దుగారు" అని పేరు పెట్టేశాడు. అదే అందరి నోటికీ అతుక్కుపోయింది.

అలాంటి మనిషి, జనం వస్తువులు కొంటే వచ్చే డబ్బుతో బతుకుతున్నాడు. ఆ ఇంటి చిన్నల్లుడికి తిన్నది ఒంటబట్టకుండా చేసిన సంగతి ఇదే.

వద్దుగారు ఒకప్పుడు ఇంటి సామాన్లు తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో ఉండేవాడు. మిక్సీ పొగలు కక్కిందనీ కుక్కరు మూత ఊడిరావడం లేదనీ జనం తిట్టినవన్నీ వినడం, మన్నించమని బతిమాలడం ఆయన పని. ఇలా మన్నించమని అడగడం దండగ ఖర్చని తేల్చుకుని కంపెనీ ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఇంట్లో కూర్చున్న మనిషి చెయ్యి ఊరుకోక ఓ వెబ్‌సైటు పెట్టాడు. ఏ మిక్సీ ఎవరికి పనికిరాదో, ఏ కుక్కరు ఎందుకు వద్దో పేజీలకి పేజీలు రాశాడు. ప్రతి పేజీ చివర, "ఇంత చెప్పినా కొనక తప్పదంటే ఇది తీసుకోండి" అని ఒక లింకు పెట్టేవాడు. ఆ లింకు నొక్కి ఎవరైనా ఆన్‌లైన్ దుకాణంలో కొంటే, దుకాణంవాళ్లు ఈయనకి కొంత వాటా పంపిస్తారు. అఫిలియేట్ ఆదాయం అంటారు దాన్ని. ఆయన ఆ సంగతి కూడా దాచలేదు. "మీరు కొంటే నాకు వాటా వస్తుంది. కాబట్టి నా మాట ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి" అని అన్నిటికంటే పైన రాసి పెట్టాడు.

వీడియో లేదు. మొహం చూపించడం లేదు. పాటలు, గంతులు అసలే లేవు. అయితే ఇన్నిటిని వద్దన్న మనిషి ఒకదాన్ని పర్లేదన్నాడంటే అది నిక్షేపంలాంటిదే అయి ఉంటుందని జనం నమ్మారు. నమ్మి, ఎగబడి కొన్నారు.

చిన్నల్లుడు పరుపుల షోరూంలో సేల్స్‌మన్. ఆయన నోట్లో ఉన్న మాట "తీసుకోండి". ఉద్యోగంలో చేరిన నాటినుంచి అంటూనే ఉన్నాడు, తీసుకునేవాళ్లే తక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెత్తటి పరుపుల మధ్య నిలబడాలి. పడుకుని చూసే హక్కు కొనడానికి వచ్చినవాళ్లది. కొందరు పడుకుని చూస్తూ చూస్తూ గురకపెట్టేవాళ్లు కూడా. అలాంటి ఓ మధ్యాహ్నం, పీకుతున్న కాళ్లతో ఆయన ఇంటికి ఫోన్ చేస్తే, భార్య తన అక్కతో మాట్లాడి అప్పుడే ఫోను పెట్టేసిందట. మీ బావగారు ఏం చేస్తున్నారని అడిగాడు.

"భోంచేసి పడుకున్నారట. పడుకున్నా ఆయనకి డబ్బులు వస్తాయటండీ. అక్క చెప్పింది."

చిన్నల్లుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా పరుపు మీద ఓ లావుపాటి ఆసామి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ నోట్లో ఆయనకి తోడల్లుడి మొహం కనిపించింది.

ఆ రోజునుంచి కడుపులో మొదలైన మంట మజ్జిగకి లొంగలేదు, మాత్రకి లొంగలేదు. తనకేం తక్కువని, మాట తీరుందని, మనిషి కూడా చూడ్డానికి బావుంటాడని తనకి తనే చెప్పుకుని, వాయిదాల మీద లైట్లూ మైకూ కొని, పడగ్గదిలో నిలబడి పరుపుల మీద వీడియోలు తీశాడు. చూసినవాళ్లంతా చుట్టాలే. అత్తగారు అందరికీ కనపడేలా కిందే రాసింది, అల్లుడు చిక్కిపోయాడు, వేళకి తింటున్నాడో లేదో అని. మేనమామ మాత్రం వెనక గోడకి చెమ్మ ఎక్కింది, ఎవరికైనా చూపించమన్నాడు. వద్దుగారు "లైటు చక్కగా పడింది తమ్ముడూ" అని రాశాడు. ఆయన మనస్ఫూర్తిగానే రాశాడు. అందుకే అది అన్నిటికంటే ఎక్కువ మండింది.

వీడియోలు మానేసి తోడల్లుడి దారే పట్టాడు. "లోకంలోకెల్లా శ్రేష్ఠమైన పది గడ్డికోత యంత్రాలు" అని రాశాడు. తనింటి చుట్టుపక్కల గడ్డి లేదు, ఆ యంత్రాన్ని ఆయన కంటితో చూసింది లేదు. ఆ పేజీ వైపు ఒక్క పురుగు కూడా తొంగిచూడలేదు.

దీంట్లో ఏదో కిటుకుందని, వద్దుగారు దాన్ని దాస్తున్నాడని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. నోరు తెరిచి అడగడమా, దానికంటే చెరువులో దూకడం నయం. సరిగ్గా అప్పుడే "నిద్రపోతూ సంపాదించండి" అని ఒకాయన అమ్ముతున్న కోర్సు కంట పడింది. రేటు చూస్తే రెణ్నెల్ల జీతం. కొనేముందు తోడల్లుడి గుట్టు లాగి చూద్దామని కొత్త సిమ్ వేసి, రిటైరైన సంగీతం టీచరమ్మ పేరుతో వద్దుగారికి రాశాడు. నాయనా, ఇంట్లో ఊరికే ఉన్నాను, వీడియోలు తీసే వయసు కాదు, నీలా రాసి సంపాదించుకోవాలని ఉంది, ఈ కోర్సు కొననా అని.

"కొనకండమ్మా" అని జవాబొచ్చింది. దాంతో పాటు ఓ ప్రశ్న. మీకు ఏ వస్తువు గురించి బాగా తెలుసు అని.

వీణ అని రాయాల్సింది. కానీ చిన్నల్లుడికి వీణకి తీగలెన్నో కూడా తెలీదు. ఆలోచించి ఆలోచించి, పరుపులు అని రాశాడు. సంగీతం టీచరుగారికి పరుపుల మీద అంత పట్టు ఎలా వచ్చిందని వద్దుగారు అడిగాడు. "నిద్ర పట్టదు నాయనా" అని రాసి గండం గట్టెక్కాడు.

అయితే వద్దుగారికి జాలి పుడితే రాతతో ఆగే మనిషి కాదు. మర్నాడు ఏకంగా ఫోనే చేశాడు. భోజనాల వేళ. చిన్నల్లుడు షోరూం వెనక సామాన్ల గదిలోకి దూరి, రెండు పరుపుల సందులో ఇరుక్కుని, గొంతు సన్నం చేసి "హలో నాయనా" అన్నాడు. ఆ సన్నదనం ఎంతోసేపు నిలవలేదు.

"జలుబు చేసిందా అమ్మా?"

"అవున్నాయనా. పడిశం."

ఇంతలో బయటినుంచి మేనేజరు, "ఏమయ్యా, డబుల్ కాట్ వాళ్లొచ్చారు, ఎక్కడ చచ్చావ్" అని కేకేశాడు. అది టీవీ అన్నాడు చిన్నల్లుడు, సీరియలు వస్తోందన్నాడు. అది విన్నాక వద్దుగారు అంతకుముందు కంటే మెల్లగా, విడమరిచి చెప్పడం మొదలెట్టాడు. ముట్టుకోని వస్తువు గురించి రాయొద్దన్నాడు. పది రకాలు వద్దు, ఒక్కటి తీసుకోమన్నాడు. "అది ఎంత గొప్పదో తర్వాత రాయొచ్చు, ఎవరికి పనికిరాదో ముందు రాయండమ్మా. మీ దగ్గరికి నడుం నొప్పులవాళ్లు వస్తుంటారు... అంటే, మీ సంగీతం పిల్లల తల్లిదండ్రులు. వాళ్లు కొన్నాక ఏమని బాధపడ్డారో అది రాయండి. మీకు వాటా వస్తుందని కూడా దాచకుండా రాయండి. ఒక్క నెలలో ఏమీ రాదు, ఏడాది పట్టినా పట్టొచ్చు. మీరు మంచి మాటకారి, తప్పకుండా చదువుతారు." చాలాసేపు చెప్పాడు. చివరికి ఆ కోర్సు కొననని టీచరమ్మ దగ్గర మాట తీసుకుని గానీ వదల్లేదు.

చిన్నల్లుడికి ఒళ్లు మండిపోయింది. ముక్కూ మొహం తెలియని ముసలమ్మకి ఇంత విద్య ధారపోసే మనిషి, సొంత తోడల్లుడికి లైటు బావుందని మాత్రమే చెప్తాడా అని. మండుతూనే కోర్సు మానుకున్నాడు. మండుతూనే కూర్చుని, "ఈ పరుపు లావుగా ఉన్నవాళ్లకి వద్దు" అని రాశాడు. రాస్తుంటే ఇన్నాళ్లూ గొంతు దాకా వచ్చి మింగేసిన మాటలన్నీ వరసకట్టి బయటపడ్డాయి. మెత్తగా ఉందని ముచ్చటపడి కొనుక్కుని పొద్దున్నే లేవలేక మూలిగినవాళ్లు, అరచేత్తో నొక్కి చూసి అంతా తెలిసిపోయిందనుకున్నవాళ్లు, అందరూ ఆ రాతలోకి వచ్చారు. తన పేరు ఎక్కడా పెట్టలేదు. సలహాలకి మాత్రం అప్పుడప్పుడూ టీచరమ్మ తన పేజీ లింకు పంపి వద్దుగారికి రాస్తూనే ఉంది.

కొన్నాళ్లకి మొదటి వాటా వచ్చింది. దాంతో దిండుకి గలీబు వస్తుంది, దిండు రాదు. ఆ తర్వాత ఉన్నట్టుండి చదివేవాళ్లు పోటెత్తారు, దిండేం ఖర్మ, పరుపే వచ్చేంత వాటా రాసాగింది. భార్య దిష్టి తీసినంత పని చేసింది. చిన్నల్లుడు ఛాతీ విరుచుకుని తిరిగాడు. అయినా లోపల ఓ ముల్లు. ఈ విద్య నేర్పినవాడు ఆయనే. ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా తనకి తెలుసు.

అలా ఛాతీ విరుచుకుని ఉండగానే ఓ రోజు వదినగారు, అంటే వద్దుగారి భార్య, షోరూంకి వచ్చింది. కొనడానికి కాదు, ఆ ఇంట్లో ఎవరు కొననిస్తారు. మూలనున్న పరుపు మీద కూలబడి తన గోడు వెళ్లబోసుకుంది. వద్దుగారి సైటులో అన్నిటికంటే ఎక్కువ డబ్బు తెచ్చేవి పరుపుల పేజీలట. వాటిని మొత్తం తీసేశాడట. ఆ చోట "పరుపుల సంగతి నాకంటే వీరికి బాగా తెలుసు, వీరి దగ్గరికి వెళ్లండి" అని రాసి, వేరే ఎవరిదో లింకు పెట్టాడట.

ఆ లింకు ఎవరిదో ఆయన చెప్పారా అని చిన్నల్లుడు అడిగాడు.

"నా చేత ఒట్టేయించుకున్నారు, మీకు చెప్పొద్దని" అంది వదినగారు. "కానీ నా వల్ల కాదయ్యా. మొదటి ఫోన్లోనే తెలిసిపోయిందట, టీచరూ లేదు గీచరూ లేదు, అది మీరేనని. అప్పుడే ఎందుకు చెప్పలేదండీ అంటే, 'నేరుగా చెప్తే తమ్ముడు నా సలహా తీసుకోడు. ఆవిడ తీసుకుంటుంది' అన్నారు. దానికోసం ఇంట్లోకొచ్చేది కాస్తా వదులుకుంటారా ఎవరైనా? మీరే చెప్పండి."

చిన్నల్లుడు మొట్టమొదటిసారి షోరూంలో ఒక పరుపు మీద తనూ కూర్చున్నాడు. మేనేజరు చూసినా లేవలేదు.

సెలవు రోజు తిన్నగా తోడల్లుడి ఇంటికి వెళ్లాడు. వద్దుగారు కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, విప్పేసిన కుక్కరు మూతని సబ్బునీళ్లతో తోముతున్నాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అన్నయ్యా, ఆ సంగీతం టీచరు... నేనే."

వద్దుగారు తల పైకెత్తాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు, వింతపడటం తప్ప ఇంకేమీ లేదు.

"ఎవరు తమ్ముడూ?"

"మీతో ఫోన్లో మాట్లాడింది. పరుపులు, నిద్ర పట్టకపోవడం. వదిన అంతా చెప్పేసింది."

"మీ వదినకి ప్రతిదీ అనుమానమే" అన్నాడు వద్దుగారు, మళ్లీ మూత తోముతూ. "ఆవిడ వేరే మనిషయ్యా. నిన్ననే మాట్లాడాను కూడా. పడిశం తగ్గిందట. మనవరాలికి కీర్తనలు చెప్తోందట. అన్నట్టు నువ్వు పరుపుల్లోనే ఉన్నావుగా, ఆవిడ రాసేవి చదువుతుండు. చాలా తెలివైన మనిషి. పొగరు లేదు. నాలాంటివాణ్ని కూడా అడిగి తెలుసుకుంటుంది."

చిన్నల్లుడు ఆ మొహం వంక ఎంతసేపు చూసినా ఒక్క రెప్ప తేడాగా కొట్టుకోలేదు. కాఫీ తాగాడు, కాసేపు అవీ ఇవీ మాట్లాడాడు, లేచి మెట్లు దిగాడు. కళ్లు చెమర్చబోతుంటే నవ్వొచ్చింది, నవ్వబోతుంటే పాత మంట మళ్లీ ఎగదన్నింది. సంపాదనలో ఆయన్ని ఎలాగో అందుకోవచ్చు, మంచితనం సంగతి తర్వాత చూసుకోవచ్చు. కానీ ఇన్నేళ్లుగా నవ్వు మొహంతో పరుపులు అమ్ముతున్న తనకే ఇంత నమ్మకంగా అబద్ధమాడటం చేతకాదే, జన్మలో అబద్ధమాడి ఎరగని ఈ మనిషికి మొదటిసారే ఎలా కుదిరిందని వీధి చివరిదాకా కుళ్లుకుంటూనే వెళ్లాడు.