మంగమ్మ ఆట

వీధి చివర ఎండుటాకులు తగలబెడుతున్నారు. ఆ పొగ ముక్కుకి తగిలితే ఇప్పటికీ నా అరికాళ్ళు చురుక్కుమంటాయి.

పందొమ్మిది వందల యాభైల నాటి మాట. తిరువూరులో మాది కిరాణా కొట్టు. ఒక ఎండాకాలం ఇప్పపువ్వు కొనడానికి నాన్న వినగడప అడవికి బండి కట్టిస్తే నేనూ ఎక్కాను. రాలిన పువ్వు కనబడాలని, ఏరుకునేవాళ్ళు చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టేవారు. దానివల్ల అడవి అంటుకుంటుందని ఫారెస్టు గార్డు కాపు కాసేవాడు. ఆ రోజు పువ్వు ఏరుకునే ముసలి మంగమ్మ అతనికి దొరికింది.

"తొక్కి ఆర్పవే!" అన్నాడు గార్డు.

"కాళ్ళు కాలతాయి బాబూ, పచ్చిరెమ్మతో కొట్టి ఆర్పేస్తానండి."

"కాలితేనే గుర్తుంటుంది. తొక్కు!"

ఆమె ఎగిరెగిరి తొక్కుతుంటే బండివాడు పగలబడి నవ్వాడు. నాన్న కూడా నవ్వి, "చూడవే పాపా, ఎంత బాగా ఆడుతోందో!" అన్నాడు. ఆరేళ్ళదాన్ని, నాన్న చెప్పింది నమ్మాను. ఇంటికొచ్చి వాకిట్లో ఆ ఆట ఆడి చూపించాను. అమ్మ మురిసిపోయి, ఇరుగుపొరుగును పిలిచి మళ్ళీ ఆడించింది.

కొన్నాళ్ళకు మంగమ్మ పువ్వు తట్టతో మా కొట్టుకు వచ్చింది. పాదాలకు మోదుగాకులు కట్టుకుని, మడమల మీద నడుస్తోంది.

"మళ్ళీ ఆడవా?" అని అడిగాను.

ఆమె నాన్న వైపు చూసి, బలవంతాన నవ్వింది. "అడవి అంటుకుంటే మళ్ళీ ఆడతాలే, చిన్నమ్మగారూ."

ఆ ఎండాకాలమంతా నేను కొండల వైపు చూస్తూ, అడవి ఎప్పుడు అంటుకుంటుందా అని ఎదురుచూశాను. అంటుకోలేదు. గార్డు పని తెలిసినవాడని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు.